చేత్తో తిప్పేదా, తనంతట తిరిగేదా

డెల్మార్ స్కోగెన్ తల ఊపకుండా మాట్లాడలేడు. ఆర్డిస్ ట్వైట్ కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం ఊపడానికి వీల్లేదు. చెవి పక్కనే కత్తెర ఆడుతూ ఉంటుంది. అందుకని ఆ ఊపంతా కాళ్ళలోకి దిగి, మెడకు కట్టిన గుడ్డ కింద మోకాళ్ళు టపటపా కొట్టుకునేవి.

"నీలమే, ఆర్డిస్. నా మాట విను. ఎరుపు జోలికి పోయావో, చేజేతులా కొరివితో తల గోక్కున్నట్టే."

"తల కదపకు, నేను గోకుతాను," అంది ఆర్డిస్.

"అసలు నీ కుర్చీకేమైంది? మొన్న శరదృతువు నుంచీ చూస్తున్నా, కిందికి కుంగిపోతోంది. నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. బాగు చేయించరాదూ?"

"చేయిస్తాలే," అని ఆర్డిస్ అద్దంలో అతని మొహం చూసి తన మొహం తిప్పుకుంది.

కుర్చీ కుంగలేదు. ఆమే దించింది. చెయ్యి భుజం కంటే పైకి లేస్తే కీలులో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంటోంది. ముప్పై ఏళ్ళకు పైగా రస్కిన్ క్రాసింగ్‌లో ఉన్న తలలన్నీ కత్తిరించిన భుజం అది. మోంటానా మైదానంలో, ధాన్యపు గోదాముల పక్కన, ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుని బతికిన మనిషి. క్షౌరం చేసే మనిషికి భుజం పోయిందని తెలిస్తే జనం జాలిపడతారు, పై వారం నుంచి పక్క ఊరికి పోతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

అయితే ఆమెకు అసలు దిగులు కత్తెర గురించి కాదు, తుపాకీ గురించి.

ఆర్డిస్ తుపాకీ పట్టడం వెనక ఆశయం గట్రా ఏమీ లేదు. సోమవారం సోమవారం మగవాళ్ళు కుర్చీలో కూర్చుని ఆదివారం పోటీలో ఎవరెలా కాల్చారో చెప్పేవారు. ఒకే పోటీ గురించి నలుగురు నాలుగు రకాలుగా చెప్పేవారు, నలుగురూ గెలిచేవారు. వీళ్ళలో అబద్ధాలకోరు ఎవరో తేల్చుకుందామని ఒక ఆదివారం పోయి చూసింది. నలుగురూ అబద్ధమే చెబుతున్నారని తేలింది. ఆ సరదాలో తనూ ఒకసారి కాల్చి చూసింది. ఇనుప పలక టంగున మోగింది. అంతే, మళ్ళీ ఇంటికి రాలేదు అనవచ్చు. పాతకాలపు పశువుల కాపర్ల వేషాలు వేసుకుని, పాత తుపాకులతో ఆడే పోటీలవి. అందరికీ మారుపేరు ఉండాలి. ఆమె కత్తెర కేట్ అయింది. డెల్మార్‌కు మౌనస్వామి అని పేరు పెట్టింది అతని భార్య లవోన్, కక్షతోనే పెట్టింది.

ఆ పోటీల్లో కాల్చే తూటాలను చలికాలమంతా ఎవరింట్లో వాళ్ళు నింపుకోవాలి. కాల్చేసిన ఇత్తడి తొడుగులను ఏరుకొచ్చి, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ మార్చి, తుపాకీ మందు పోసి, పైన సీసపు గుండు బిగించాలి. ఆర్డిస్ తన తూటాల్లో మందు బాగా తక్కువ పోసుకుంటుంది. అలాంటి మెత్తని తూటాలు ఏ దుకాణంలోనూ దొరకవు. దుకాణం తూటా కాలిస్తే ఎద్దు కుమ్మినట్టుంటుంది. ఆమె పాత యంత్రం మీదేమో ఒక్కో తూటాకు నాలుగైదుసార్లు పిడి లాగాలి. పట్నంలో డాక్టరు ఆ లాగుడు మానమని తెగేసి చెప్పాడు. కొత్తరకం యంత్రమైతే ఒక్క లాగుకే ఒక తూటా తయారై బయట పడుతుంది. ఆర్డిస్ దగ్గరున్న డబ్బుకు అలాంటిది ఒకటే వస్తుంది. తప్పు యంత్రం కొంటే దిద్దుకునే దారి లేదు.

ఇక దిద్దుకోకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కాల్చే గీతకు పక్కన ఒక మడత కుర్చీ ఉంటుంది. కాల్చడం మానినవాళ్ళను గౌరవంగా అందులో కూర్చోబెట్టి, చేతికి గడియారం ఇస్తారు. ఇతరులు కాలుస్తుంటే సమయం చూసి అరవడం పని. ఈ ఒక్క నెలకే అనుకుని అందులో కూర్చున్నవాళ్ళెవరూ మళ్ళీ లేచి గీత దగ్గరికి రాలేదు.

రస్కిన్ క్రాసింగ్‌లో చర్చి గురించీ ఎన్నికల గురించీ కొట్టుకోరు. యంత్రాల గురించి కొట్టుకుంటారు. ఒక కంపెనీ వాళ్ళు తమ యంత్రానికి నీలం రంగు వేస్తారు, ఇంకో కంపెనీ వాళ్ళు ఎరుపు వేస్తారు. నీలందానిలో పిడి ఒకసారి లాగాక, తొడుగులు నిలబెట్టిన పళ్ళేన్ని బొటనవేలితో తిప్పాలి. ఎరుపుదానిలో పళ్ళెం దానంతట అదే తిరుగుతుంది. తేడా అంతే. ఆ అంతకే అన్నదమ్ములు పలకరింపులు మానుకున్న ఇళ్ళున్నాయి.

డెల్మార్ నీలం పక్షం. ఎరుపు పక్షానికి పెద్ద వెర్లిన్ హౌగ్లాండ్. బోర్లు వేసే మనిషి. నేలలో ఎంత లోతుకు పోయినా పోతాడు గానీ మాట మాత్రం పైకి రాదు. ఆ మర్నాడు అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"డెల్మార్ నన్ను నీలం కొనమంటున్నాడు," అంది ఆర్డిస్.

కత్తిరింపు సగం అయ్యాక జవాబొచ్చింది. "అంటాడు."

"నువ్వేమంటావు?"

మెడ వెనక గీస్తుండగా అన్నాడు. "ఎరుపు."

"ఎందుకు?"

గుడ్డ దులిపి, అద్దం చూపించి, అతను టోపీ పెట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాక, "తనే తిరుగుతుంది," అని వెళ్ళిపోయాడు.

ఆర్డిస్ ఇద్దరికీ ఒకే మాట కబురు చేసింది. ఎటూ తేల్చుకోలేకపోతున్నాననీ, చేత్తో పట్టి చూస్తే గానీ తెలియదనీ, అవతలివాడు తన యంత్రం తెచ్చి పెడతానంటున్నాడనీ. ఆ చివరిది అప్పటికి ఇద్దరి విషయంలోనూ అబద్ధమే. సాయంత్రానికల్లా ఇద్దరి విషయంలోనూ నిజమైంది. డెల్మార్ వస్తూనే ఆమె బల్లకు అడక్కుండా కన్నాలు పెట్టాడు. వెర్లిన్ తన కన్నాలు పెట్టే ముందు డెల్మార్ కన్నాలను వేలితో తడిమి, వంకరగా ఉన్నాయన్నట్టు మొహం పెట్టాడు. బల్లకు ఆ కొసన నీలం, ఈ కొసన ఎరుపు.

పిడి సంగతి మొదటి రోజే తేలిపోయింది. భుజం ఎత్తకుండా, మోచేత్తో లాగితే రెండూ హాయిగా ఉన్నాయి. కొత్త చిక్కు వేరే వచ్చింది.

పాత యంత్రం మీద పని వంతులవారీగా జరిగేది. తొడుగులన్నిటిలో మందు పోసి, వరసగా నిలబెట్టి, దీపం పట్టుకుని చూస్తే తప్పు ఎక్కడున్నా కనబడేది. వీటి మీద అన్నీ ఒక్కసారే జరుగుతాయి. ఒక తొడుగులో మందు పడకపోతే తుపాకీ తుస్సుమంటుంది, గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. రెండుసార్లు పడితే గొట్టమే చీలిపోవచ్చు. అందుకే తూటాలు నింపేవాళ్ళతో మాట్లాడకూడదని ఆ ఊళ్ళో కట్టుబాటు. ఆర్డిస్ నింపేదేమో దుకాణం వెనక గదిలో, ఒక తలకీ ఇంకో తలకీ మధ్య. తలుపు గంట మోగుతూనే ఉంటుంది. తలుపులోంచి ఎవరో ఒకరు కబురు చెబుతూనే ఉంటారు. కట్టుబాటు ఆ గుమ్మం దాటి ఎన్నడూ లోపలికి రాలేదు.

కాబట్టి ఆమెకు కావలసింది వేగం కాదు. కబుర్లను తట్టుకునే యంత్రం కావాలి. ఆ సంగతి వాళ్ళిద్దరినీ అడిగి లాభం లేదు. తమ యంత్రం మీద తప్పు జరగనే జరగదని ఇద్దరూ ప్రమాణం చేస్తారు.

శనివారం నాడు ఇద్దరినీ పిలిచింది, కాఫీ కాచింది. లవోన్ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె పట్టుకుని వచ్చింది. ఆర్డిస్ తూటాల నిప్పు టోపీలు పక్కకు తీసేసి, మందు పోసే గొట్టాలు రెండింటిలో మొక్కజొన్న రవ్వ నింపింది.

"రవ్వేంటి?" అన్నాడు డెల్మార్ హడలిపోయి. "నా యంత్రంలో రవ్వా?"

"మందు దండగ ఎందుకని. ఎవరిది చక్కగా నింపుతుందో చూద్దాం. మొదలుపెట్టండి."

ఇద్దరూ మొదలుపెట్టారు. ఆర్డిస్ వాళ్ళ వెనక నిలబడి, కుర్చీ వెనక నిలబడినట్టే, నోరు తెరిచింది. మాటల పోగైన డెల్మార్ పప్పులో కాలేస్తాడనీ, మౌనం పాటించే వెర్లిన్ గట్టెక్కుతాడనీ ఆమె లెక్క. బ్యాంకు మేనేజరు జుట్టుకు రంగు వేయించుకోవడం దగ్గర మొదలుపెట్టి, పాస్టరు గారి కుక్క పెళ్ళివారి కేకు తినడం దాకా వచ్చింది. డెల్మార్ ప్రతిదానికీ అడ్డం పడి, ఆ కుక్క తాతను కూడా తనెరుగుదునని మొదలుపెట్టి, లాగుతూ తిప్పుతూ, తిప్పుతూ లాగుతూ సాగిపోయాడు.

"అన్నట్టు వెర్లిన్," అంది ఆర్డిస్, "ఆమండ్సన్ వాళ్ళ పొలంలో నీళ్ళు పడ్డాయటగా? ఎవరో ముసలాయన పంగలకర్ర పట్టుకుని నడిచి చూపించాడట. నువ్వు ఎండు బోరు వేసిన చోటికి నాలుగు అడుగుల దూరంలోనేనట."

వెర్లిన్ చెయ్యి పిడి మీద సగంలో ఆగింది. పైకి వెళ్ళింది. మళ్ళీ సగం దిగింది.

"కర్రా?" అన్నాడు.

"కర్రే. పళ్ళచెట్టు కొమ్మ."

"ఏ పక్కన?"

"ఉత్తరం పక్కన."

అతని చెయ్యి మళ్ళీ ఆగింది. పళ్ళెం మాత్రం తన దారిన తాను తిరిగింది.

తూటాలు చల్లారే పని లేదు కాబట్టి లవోన్ వెంటనే తూటాలు విప్పే బోలు సుత్తి అందుకుంది. తూటాను సుత్తి తలలో బిగించి నేలకేసి కొడితే గుండు ఊడి, లోపలున్నది బయటికొస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఏదైనా కసిదీరా కొట్టమని తనను పిలిచినవాళ్ళు లేరని చెప్పి, పని మొదలుపెట్టింది. డెల్మార్ తూటాలన్నిటిలోంచీ రవ్వ కొలిచినట్టు రాలింది. వెర్లిన్‌వాటిలో మొదట్లోవి బాగానే ఉన్నాయి. కర్ర దగ్గర్నుంచి చూస్తే ఒకదానిలో అరకొర, తర్వాతదానిలో ఏమీ లేదు, ఉత్తరం పక్కదానిలో కూడా ఏమీ లేదు.

"చూశారా!" అని డెల్మార్ లేచి గంతేశాడు. తల కూడా ఊపాడు.

"ఒకరు చెప్పేది వినని గుణం వల్ల ఇన్నాళ్ళకు ఒక లాభం కనబడింది," అంది లవోన్. "పెళ్ళయిన కొత్తలో తెలిస్తే నేనూ ఈ యంత్రమే కొనుక్కునేదాన్ని."

"ఆ కర్ర సంగతి నిజమేనా?" అన్నాడు వెర్లిన్.

"సగం నిజం," అంది ఆర్డిస్. "కర్ర ఉంది, ముసలాయన ఉన్నాడు. నీళ్ళే లేవు."

అతను రొట్టె ముక్క ఒకటి తీసుకున్నాడు.

ఆర్డిస్ మాత్రం నవ్వలేకపోయింది. తప్పు చేయించేది మాట్లాడటం కాదు, వినడం. తను మాటకారినని ఊరంతా అంటుంది, తనూ అదే అనుకుంటూ వచ్చింది. కానీ ఆ కుర్చీ వెనక ఇన్నేళ్ళూ బతికింది మాటలతో కాదు. నాలుగు మాటలు విసిరి, నలభై వినడంతో. విన్నవాటిలో ఎన్నిటినో ఇంతవరకు నోట రానివ్వలేదు. ఆ లెక్కన తను వెర్లిన్ జాతి.

"లే వెర్లిన్," అంది. "ఇప్పుడు నేను కూర్చుంటాను. లవోన్, ఏమైనా చెప్పు."

"ఏం చెప్పనే?"

"ఏదైనా. నాకు తెలియనిది."

ఎరుపు యంత్రం ముందు కూర్చుంది. లవోన్ తన చెల్లెలి తోటికోడలు సంగతి ఎత్తుకుంది. ఆర్డిస్ జాగ్రత్తగానే లాగింది. సుత్తితో కొడితే ఒకటి మాత్రం ఖాళీగా తేలింది. పైనుంచి చూస్తే మిగతావాటికీ దానికీ తేడా లేదు. అన్నీ ఒకే నిగనిగ.

తర్వాత నీలం ముందుకు జరిగింది. లవోన్ చెబుతున్న తోటికోడలి సంగతి అయిపోయింది. ఆమె ఇంకో కబురు వెతుక్కుంది.

"ఆఁ, నీకు చెప్పనే లేదు కదూ. వసంతం నుంచి గడియారం కుర్చీ నీకేనట. ఇదిగో, ఈయన దానికి మెత్త కుట్టమంటే కుడుతున్నా. పువ్వులు వేశాను. నీకు లిల్లీలు ఇష్టమేనా?"

 డెల్మార్ భార్య వైపు ఒక అడుగు వేశాడు.

"లవోన్!" అన్నాడు. "అది ఆరోజు చెప్పి సంతోషపెడదామనుకున్నది!"

"సంతోషపెడదామని?" అంది ఆర్డిస్.

"నువ్వు చివరి పోటీలు రెండూ మానేశావు. చలి అన్నావు. మాకు అర్థం కాదా? నీకు ఓపిక తగ్గింది, చెప్పుకోలేకపోతున్నావు. అందుకని మేమే గౌరవంగా…"

గౌరవంగా అన్న మాట దగ్గర ఆర్డిస్ చెయ్యి పిడిని లాగింది. అంతకుముందే లాగి ఉంది. పళ్ళెం తిప్పలేదు. రవ్వ తొడుగు అంచు దాటి, పళ్ళెం మీదుగా, బల్ల మీదుగా, ఆమె ఒళ్ళోకి బుసబుసా దిగింది.

"అయ్యో నా యంత్రం!" అని డెల్మార్ చీపురు కోసం ముందుగదిలోకి పరిగెత్తాడు. పోతూ పోతూనే, "నీకిది పనికిరాదు ఆర్డిస్! నా నోటితో నేనే చెబుతున్నా, నువ్వు ఎరుపే తీసుకో!" అని అరిచాడు. అతని వెనక లవోన్, చీపురు ఎక్కడుందో నీకేం తెలుసంటూ పోయింది.

ఆర్డిస్ ఒళ్ళో రవ్వ వైపు చూస్తూ కూర్చుంది.

"నీలం తీసుకో," అన్నాడు వెర్లిన్.

ఆమె తల ఎత్తింది. ఎరుపు పక్షం పెద్ద నోట వచ్చిన మాట అది. ఊరికి తెలిస్తే చచ్చేదాకా అతన్ని బతకనివ్వరు.

"ఒలికింది," అన్నాడు.

ఆమెకు అప్పటికే తట్టింది. తను పోసే మందు కూడా ఈ రవ్వలాగే, బరువు తక్కువైనా తొడుగును సగానికి పైగా నింపే పొంగు సరుకు. రెండోసారి పడితే తొడుగులో పట్టదు, పొర్లి బయటికొస్తుంది. ఎరుపుదాని తప్పు ఇత్తడి వెనక దాక్కుని, గీత దగ్గరికి వచ్చాక బయటపడుతుంది. నీలందాని తప్పు ఒళ్ళో పడుతుంది. ఆమె పనిలో ఎప్పుడూ అంతే. కత్తెర జారితే ఎదురుగా అద్దం ఉంటుంది, అక్కడికక్కడే తెలుస్తుంది. దాగని తప్పుతో ఆమె ఇన్నేళ్ళు కాపురం చేసింది. దాగే తప్పుతో ఎలా వేగాలో ఆమెకు తెలియదు.

"భుజం ఎలా ఉంది?" అన్నాడు వెర్లిన్.

"ఏ భుజం?"

"కుర్చీ దించావుగా."

ముందుగదిలో డెల్మార్ చీపురు దొరక్క ఏదో పడేసిన చప్పుడైంది. ఆర్డిస్ గొంతు తగ్గించింది. "ఎవరికి చెప్పావు?"

"ఎవరడిగారు?" అన్నాడు వెర్లిన్.

నీలం యంత్రానికి డబ్బు పంపింది. అది వచ్చేలోగా రాబోయే ఉపద్రవం గురించి ఆలోచించింది. నీలం కొన్నదని తెలిస్తే డెల్మార్ ఆ సంగతి తన సమాధి రాయి మీద కూడా చెక్కించుకుంటాడు. ప్రతి క్షౌరానికీ వినాలి. పైగా వెర్లిన్ నీలం అన్నాడన్న మాట లవోన్ చెవిన పడితే, ఆ మనిషి ఎరుపు వాళ్ళ బల్ల దగ్గర కాఫీ కూడా తాగలేడు.

పెట్టె వచ్చిన రోజు గాలి లేదు. ఆ మైదానంలో అది అరుదు. ఆర్డిస్ యంత్రాన్ని పెరట్లో పాత దుప్పటి మీద పెట్టి, కదిలే భాగాలకు కాగితం చుట్టి, డబ్బా రంగు చిమ్మింది. రంగుల దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే ముదురు గులాబీ రంగు ఏరి తెచ్చుకుంది.

డెల్మార్ క్షౌరానికి వచ్చి, తెరిచిన తలుపులోంచి వెనక గదిలోకి చూశాడు. సగం కత్తిరించిన తలతో లేచి నిలబడ్డాడు.

"ఏంటది?"

"యంత్రం."

"అది నీలమే కదూ? ఆకారం నీలందే!"

"నీకు నీలంగా కనబడుతోందా?" అంది ఆర్డిస్. "కళ్ళు చూపించుకో."

"కంపెనీ వాళ్ళు చూస్తే ఏడుస్తారు! ఇది… ఇది చర్చిలో టోపీ తీయకపోవడం లాంటిది! వెర్లిన్ చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"బాగుందన్నాడు." నిజానికి వెర్లిన్ ఏమీ అనలేదు. గులాబీ రంగు వంక చూసి, భుజాలు కదిలేలా నవ్వి, తన ఎరుపు యంత్రాన్ని బల్ల మీంచి విప్పుకుని పోయాడు.

చలికాలం పోయింది. పొలాల్లో బురద ఆరింది. మే నెలలో మొదటి ఆదివారం పోటీకి ఆర్డిస్ పొడవు గౌను వేసుకుని, తూటాల పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళింది. మడత కుర్చీ ఎక్కడ వేయాలో అక్కడ వేసి ఉంది. దాని మీద లిల్లీల మెత్త ఉంది. లవోన్ నిజంగానే బాగా కుట్టింది. ఆర్డిస్ దాన్ని చేత్తో ఒకసారి తట్టి, మెచ్చుకుని, గీత వైపు నడిచింది.

కుర్చీ ఎవరూ ఎక్కలేదు కాబట్టి ఆరోజు గడియారం వంతులవారీగా చేతులు మారింది. ఆర్డిస్ వంతు వచ్చేసరికి అది డెల్మార్ చేతిలో పడింది. ఆమె కాల్చడం మొదలుపెట్టింది. తూటాలు ఎంత మెత్తగా ఉన్నాయంటే, ఒక్కోటి ముసలి గుర్రం తుమ్మినట్టు వినబడింది. వెనక ఎవరో నవ్వారు.

"కాలుస్తున్నావా, దగ్గుతున్నావా?" అన్నాడు డెల్మార్.

పలక టంగుమంది. తర్వాతదీ టంగుమంది. చివరిది మోగేదాకా ఏదీ తుస్సుమనలేదు. భుజం, మోచెయ్యి, చెయ్యి తమ తమ చోట్లలోనే ఉన్నాయి. ఆర్డిస్ తుపాకీ ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, గౌను సర్దుకుని తిరిగింది.

డెల్మార్ గడియారం వైపు చూశాడు. దాన్ని ఎండకు తిప్పి మళ్ళీ చూశాడు. ఆ ఉదయం అతను కాల్చిన సమయం కంటే ఇది తక్కువ. అతను ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు డెల్మార్," అంది ఆర్డిస్. "వెర్లిన్ చివర్న కూర్చున్నాడు. పాపం, వినడానికే వచ్చాడు."